రైఫిలా.. పిస్టలా? ఎయిర్ గన్‌కు లక్షలు పెట్టే ముందు షూటర్లు చెప్పే ఈ మాట వినండి!

ఒక చెయ్యి జేబులో.. కళ్లకు రోజూ పెట్టుకునే అద్దాలు.. ఒంటి మీద మామూలు టీ షర్ట్. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో టర్కీ షూటర్ యూసుఫ్ డికెచ్ ఇలా నిలబడి సిల్వర్ మెడల్ కొట్టేశాడు. ఆ ఫొటో ప్రపంచమంతా వైరల్ అయింది. 'చూశారా.. సామాన్లేమీ అక్కర్లేదు, టాలెంట్ ఉంటే చాలు' అంటూ మీమ్స్ మీద మీమ్స్ వచ్చాయి. అదే పారిస్‌లో మను భాకర్ రెండు కాంస్యాలు గెలిచింది. స్వతంత్ర భారతంలో ఒకే ఒలింపిక్స్‌లో రెండు మెడల్స్ సాధించిన తొలి ప్లేయర్ ఆమే. దీంతో మన ఇళ్లలోనూ ఒక ప్రశ్న మొదలైంది. 'మా అమ్మాయికి పిస్టల్ కొనివ్వాలా? అబ్బాయికి రైఫిల్ అయితే బాగుంటుందా? ఎంతలో కొనాలి?'

ఇక్కడే చాలా కుటుంబాలు తొందరపడుతున్నాయి. విదేశీ మ్యాచ్ గన్ అంటే ధర లక్షల్లో ఉంటుంది. లోన్ పెట్టి మరీ కొన్నాక 'చేతికి కుదరట్లేదు', 'నాకు ఇది ఇష్టం లేదు' అని పిల్లలు పక్కన పడేస్తే? అందుకే ఏళ్ల తరబడి రేంజ్‌లో గడిపిన షూటర్లు, సరదాగా మొదలుపెట్టి మ్యాచ్‌ల దాకా వెళ్లినవాళ్లు ఈ విషయంలో ఏమంటారు? వాళ్లలో వాళ్లకు ఎక్కడ తేడా వస్తుంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు ఆ వైరల్ ఫొటో సంగతి

డికెచ్ ఏమీ లేకుండా వచ్చి కొట్టేశాడన్నది అపోహే. అతనికి పారిస్ ఐదో ఒలింపిక్స్. అప్పటికి వయసు 51 ఏళ్లు. చేతిలో ఉన్నది మామూలు తుపాకీ కాదు, పక్కా మ్యాచ్ ఎయిర్ పిస్టల్. ఇక జేబులో చెయ్యి పెట్టడం స్టైల్ కోసం కానే కాదు. పిస్టల్ ఈవెంట్‌లో ఒక్క చేత్తోనే కాల్చాలి. రెండో చెయ్యి గాల్లో ఊగితే ఒళ్లంతా కదులుతుంది. అందుకే చాలామంది దాన్ని జేబులోనో, బెల్టులోనో ఇరికించేస్తారు. గల్లీ అకాడమీలో మొదటి రోజు పిల్లలకు కూడా ఇదే నేర్పిస్తారు.

మరి మిగతావాళ్లు పెట్టుకునే ఆ వింత కళ్లద్దాలు, కంటికి అడ్డంగా ఉండే పట్టీ ఎందుకు? గురి చూడని కన్ను మూసేస్తే ముఖం కండరాలు బిగుసుకుంటాయి, కాసేపటికి అలసట వస్తుంది. కన్ను తెరిచే ఉంచి, ముందు చిన్న అడ్డు పెట్టుకుంటే ఆ ఇబ్బంది ఉండదు. కొందరికి అది సుఖం, కొందరికి చిరాకు. డికెచ్ రెండు కళ్లూ తెరిచే కాలుస్తాడు. అంటే ఇక్కడ ఒప్పు, తప్పు అని ఏమీ లేదు. ఎవరికి ఏది కుదిరితే అదే. గన్ విషయంలోనూ అసలు సూత్రం ఇదే.

రైఫిల్, పిస్టల్.. తేడా ఎక్కడుంది?

మన దగ్గర కొత్తవాళ్లంతా మొదలుపెట్టేది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ లేదా 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌తోనే. రెండింటిలోనూ 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్టే. రెండింటిలోనూ క్వాలిఫికేషన్‌లో 60 షాట్లు, 75 నిమిషాల టైమ్. అంటే ఒక్కో షాట్‌కు సగటున 75 సెకన్లు. దూరం ఒకటే, పెల్లెట్ ఒకటే. కానీ ఆట మాత్రం పూర్తిగా వేరు.

రైఫిల్ టార్గెట్ మధ్యలో ఉండే 10 పాయింట్ల చుక్క వెడల్పు కేవలం అర మిల్లీమీటర్. పేపర్లో వాక్యం చివర పెట్టే చుక్క అంత! పెల్లెట్టే దాని కన్నా తొమ్మిది రెట్లు వెడల్పు. అదే పిస్టల్ టార్గెట్‌లో 10 పాయింట్ల వలయం వెడల్పు 11.5 మిల్లీమీటర్లు. మరి పిస్టల్ ఈజీ అనుకోవాలా? అస్సలు కాదు. రైఫిల్‌ను రెండు చేతులు, భుజం, చెంప కలిసి మోస్తాయి. పైగా గట్టి కాన్వాస్, లెదర్‌తో కుట్టిన జాకెట్, ప్యాంట్, ప్రత్యేకమైన బూట్లు శరీరాన్ని కదలకుండా పట్టి ఉంచుతాయి. పిస్టల్‌కు అలాంటి సపోర్ట్ ఏదీ లేదు. చాచిన ఒక్క చెయ్యి, దాని చివర కిలో దాకా బరువు. అంతే.

స్కోరింగ్ కూడా వేరే. రైఫిల్‌లో ప్రతి షాట్‌ను దశాంశాల్లో లెక్కిస్తారు, గరిష్ఠంగా 10.9. 60 షాట్లకు 654 పాయింట్లు. ఒలింపిక్ ఫైనల్ చేరాలంటే 630 దాకా కొట్టాలి. అంటే సగటున ప్రతి షాట్ 10.5 ఉండాలన్నమాట. పిస్టల్ క్వాలిఫికేషన్‌లో దశాంశాలు లెక్కలోకి రావు, మొత్తం 600. పారిస్‌లో మను భాకర్ 580 కొట్టి ఫైనల్‌కు వెళ్లింది.

అందుకే షూటర్లు ఒక మాట అంటుంటారు. రైఫిల్ అంటే తప్పు చేయకుండా ఉండే ఆట. పిస్టల్ అంటే తప్పు చేశాక తేరుకునే ఆట. రైఫిల్‌లో ఒక్క 9.2 పడితే దాన్ని పూడ్చుకోవడం చాలా కష్టం. పిస్టల్‌లో 8 పడటం పెద్ద పెద్ద వాళ్లకూ మామూలే. పడ్డాక తర్వాతి షాట్ ఎలా కొట్టారన్నదే లెక్క.

ఎవరికి ఏది?

ఈ విషయంలో రెండు వర్గాలున్నాయి. మొదట రైఫిల్‌తోనే మొదలుపెట్టాలన్నది ఒక వర్గం మాట. నిలబడే పద్ధతి, ఊపిరి మీద అదుపు, ట్రిగ్గర్ నొక్కడం.. బేసిక్స్ అన్నీ పద్ధతిగా వస్తాయని, కొన్ని వారాల్లోనే స్కోర్ కనిపిస్తుంది కాబట్టి పిల్లలు డీలా పడరని వాళ్ల వాదన. రెండో వర్గం మాట వేరే. రైఫిల్‌తో పాటు జాకెట్, ప్యాంట్, బూట్లు, గ్లవ్ అన్నీ కొనాలి. ఎదిగే పిల్లలకు ఏడాది, రెండేళ్లకే జాకెట్ బిగుతైపోతుంది. మళ్లీ కొత్తది కుట్టించాలి. పిస్టల్‌కైతే గన్, మామూలు బట్టలు, బూట్లు చాలు. అందుకే బడ్జెట్ చూసుకునేవాళ్లకు పిస్టల్ మేలని వీళ్లంటారు.

రెండు వాదనల్లోనూ నిజముంది. కానీ తల్లిదండ్రులు మర్చిపోయేది ఇంకొకటుంది. అది పిల్లల ఒళ్లు. రైఫిల్ బరువు నిబంధనల ప్రకారం 5.5 కిలోల దాకా ఉండొచ్చు. దాన్ని నిలబెట్టడానికి షూటర్ నడుము పక్కకు, వెనక్కి వంచి ఎముకల మీద బరువు వేస్తాడు. ఎదిగే వయసులో పెద్దవాళ్ల రైఫిల్ ఇచ్చి గంటల తరబడి నిలబెడితే వెన్నుకు మంచిది కాదు. చిన్న పిల్లలకు తేలికైన రైఫిల్, లేదా స్టాండ్ సపోర్ట్‌తో కాల్పించడమే పద్ధతి. పిస్టల్‌లో భారమంతా భుజం, మణికట్టు మీద పడుతుంది. మణికట్టు సన్నగా ఉన్న పిల్లలకు మొదట్లోనే గంటల ప్రాక్టీస్ పెడితే నొప్పులు మొదలవుతాయి.

స్వభావం కూడా చూడాలంటారు కోచ్‌లు. ఒకే పనిని ఒకే తీరులో వందసార్లు చేసినా విసుగు రాని పిల్లలు రైఫిల్‌లో ఇమిడిపోతారు. కాస్త దూకుడు, కిందపడినా వెంటనే లేచే తత్వం ఉన్నవాళ్లు పిస్టల్‌ను ఇష్టపడతారు. ఇది రూల్ కాదు, రేంజ్‌లో ఎక్కువగా కనిపించే తీరు. అందుకే మొదటి నెల రెండూ కాల్పించి చూడటం మంచిది. ఆ తర్వాత పిల్లలే చెప్తారు.

మన హైదరాబాద్ నుంచే చూసినా రెండు దారులూ కనిపిస్తాయి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన గగన్ నారంగ్‌ది ఎయిర్ రైఫిల్. డెఫ్లింపిక్స్‌లో గోల్డ్ కొట్టిన ధనుష్ శ్రీకాంత్‌దీ రైఫిలే. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఒక గోల్డ్, మూడు సిల్వర్లు తెచ్చిన ఈషా సింగ్‌ది మాత్రం పిస్టల్.

ఖరీదైన గన్ ఉంటే స్కోర్ పెరుగుతుందా?

అసలు చర్చంతా ఇక్కడే. ఫైన్‌వర్క్‌బావ్, వాల్టర్, స్టేయర్, ఆన్షుట్జ్.. పిస్టల్‌కైతే మోరిని, పార్డిని. ఈ పేర్లు రేంజ్‌లో వినిపించినంతగా ఇంకేవీ వినిపించవు. కార్లలో బెంజ్, బీఎండబ్ల్యూ అన్నట్టే. ఏ బ్రాండ్ గొప్పదన్న దాని మీద గంటల తరబడి వాదనలు నడుస్తాయి.

కానీ అనుభవం ఉన్నవాళ్లు చెప్పేది సింపుల్. ఈ స్థాయి గన్‌ను కదలకుండా బిగించి కాలిస్తే పెల్లెట్లన్నీ దాదాపు ఒకే రంధ్రంలోంచి వెళ్తాయి. ఏ బ్రాండ్ అయినా అంతే. అంటే 7 పడిందంటే అది గన్ తప్పు కాదు, పట్టుకున్నవాళ్ల తప్పు. బ్రాండ్ మారిస్తే ఆ 7 కాస్తా 10 అయిపోదు.

దీనికి చిన్న లెక్క ఉంది. ఎయిర్ పిస్టల్ మీద వెనకాల ఒక గాడి, ముందు ఒక దిమ్మ లాంటిది ఉంటాయి. అవే రియర్ సైట్, ఫ్రంట్ సైట్. రెండింటి మధ్య దూరం సుమారు 30 సెంటీమీటర్లు అనుకుందాం. చెయ్యి మొత్తంగా ఒక మిల్లీమీటర్ పక్కకు జరిగితే టార్గెట్ మీద తేడా కూడా దాదాపు ఒక మిల్లీమీటరే. అదే మణికట్టు కదిలి, ఫ్రంట్ సైట్ గాడి మధ్యలో నుంచి ఒక్క మిల్లీమీటర్ తప్పితే? 10 మీటర్ల దూరంలో అది 33 మిల్లీమీటర్ల తేడా! 10 పడాల్సింది 6కు పోతుంది. అందుకే పిస్టల్ షూటర్లు టార్గెట్‌ను కాదు, ఫ్రంట్ సైట్‌నే చూస్తారు. టార్గెట్ మసగ్గా కనిపించినా పర్లేదు. కొత్తవాళ్లు టార్గెట్‌ను స్పష్టంగా చూడాలని తాపత్రయపడి ఇక్కడే దెబ్బతింటారు.

చెయ్యి వణకడం గురించి కూడా చాలామంది భయపడతారు. ఒలింపిక్ ఛాంపియన్ చెయ్యి కూడా ఊగుతుంది. తేడా ఏంటంటే వాళ్లు ఆ ఊగడాన్ని ఒప్పుకుంటారు. ఇదిగో ఇప్పుడు సరిగ్గా మధ్యలోకి వచ్చిందని టక్కున ట్రిగ్గర్ లాగేస్తే మణికట్టు కూడా కదిలిపోతుంది. గన్ మెల్లగా ఊగుతున్నా, వేలు మాత్రం నెమ్మదిగా, తిన్నగా వెనక్కి నొక్కుతూ ఉండాలి. ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువుకు పేలేలా ఉండాలన్నది రూల్. ఎయిర్ రైఫిల్‌కు అలాంటి కనీస పరిమితి లేదు, తాకీ తాకగానే పేలేలా పెట్టుకుంటారు. పిస్టల్‌లో ట్రిగ్గర్ మీద ఇంత చర్చ అందుకే.

బ్రాండ్ కన్నా ముందు చూడాల్సింది ఇదీ

మరి గన్‌లో చూడాల్సింది ఏమీ లేదా? ఉంది. అది పట్టు.

పిస్టల్ గ్రిప్‌లు చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో వస్తాయి. ఎడమచేతి వాటం వాళ్లకు వేరే గ్రిప్. చెయ్యి చాచి, కళ్లు మూసుకుని, మళ్లీ తెరిచినప్పుడు రెండు సైట్లూ వాటంతట అవే ఒకే వరుసలో ఉన్నాయా? ఉంటే గ్రిప్ మీకు సరిపోయినట్టే. ప్రతిసారీ మణికట్టు తిప్పి సరిచేయాల్సి వస్తే ఎంత ఖరీదైన పిస్టల్ అయినా మీది కాదన్నట్టే. సీనియర్ షూటర్ల గ్రిప్‌లు చూడండి. ఒకచోట ఆకురాయితో అరగదీసి, ఇంకోచోట పుట్టీ పెట్టి పెంచి, చూడ్డానికి అందంగా ఉండవు. కానీ చేతికి అచ్చు గుద్దినట్టు కూర్చుంటాయి.

రైఫిల్‌లోనూ అంతే. చెంప ఆనే చోటు, భుజానికి ఆనే బట్ ప్లేట్, దాని పొడవు అన్నీ ఎటు కావాలంటే అటు జరిపేలా ఉండాలి. మెడ వంచి సైట్ వెతుక్కోకూడదు. తల తిన్నగా ఉన్నప్పుడే సైట్ కంటి ముందుకు రావాలి. చిన్న పిల్లలకు ఈ సర్దుబాటే బ్రాండ్ కన్నా ముఖ్యం. ఎత్తు పెరిగే కొద్దీ రైఫిల్ కూడా పెరగాలి కదా!

ఇంకో టెస్ట్ కూడా ఉంది. పొజిషన్‌లో నిలబడి టార్గెట్ వైపు గురి పెట్టి కళ్లు మూసుకోండి. రెండు మూడు సార్లు ఊపిరి పీల్చి వదిలి కళ్లు తెరవండి. గన్ టార్గెట్‌కు పక్కకు పోయిందా? అప్పుడు చేత్తో లాక్కురాకూడదు. పాదాలు జరపాలి. చేత్తో లాక్కొస్తే ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కండరం వదులై గన్ మళ్లీ తన చోటికే పోతుంది. రూపాయి ఖర్చు లేకుండా స్కోర్ పెంచే చిట్కా ఇది.

స్ప్రింగా? సిలిండరా?

ఎయిర్ గన్‌లో పెల్లెట్‌ను తోసేది గాలి. ఆ గాలి ఎక్కడి నుంచి వస్తుందన్న దాన్ని బట్టి ప్రధానంగా మూడు రకాలున్నాయి. మొదటిది స్ప్రింగ్. చవక, గట్టిది. కానీ పేలేటప్పుడు లోపలి పిస్టన్ కదిలి గన్ మొత్తం కుదుపుతుంది. సరదాగా నేర్చుకోవడానికి ఓకే, మ్యాచ్‌లకు పనికిరాదు. రెండోది ప్రతి షాట్‌కు ముందు లివర్ లాగి గాలి నింపేది. కుదుపు తక్కువ. కానీ 60 షాట్లంటే 60 సార్లు లాగాలి, చెయ్యి పీకేస్తుంది. మూడోది ముందే గాలి నింపిన సిలిండర్‌తో వచ్చే పీసీపీ. ఇప్పుడు పెద్ద మ్యాచ్‌లన్నీ దాదాపు దీంతోనే. సాధారణంగా 200 బార్ల ప్రెషర్ దాకా నింపుతారు.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఇక్కడ జాగ్రత్త. సిలిండర్‌కు ఎక్స్‌పైరీ ఉంటుంది! అంతర్జాతీయ నిబంధనల ప్రకారం గరిష్ఠంగా పదేళ్లే. తయారీ తేదీ సిలిండర్ మీదే ఉంటుంది. గన్ కొత్తగా మెరిసిపోతున్నా, సిలిండర్ డేట్ దాటిపోతే కొత్త సిలిండర్ ఖర్చు నెత్తిన పడుతుంది. పైగా అంత ప్రెషర్ ఉన్న పాత సిలిండర్ ప్రమాదం కూడా. 'తక్కువకే ఇస్తున్నా' అని ఎవరైనా అంటే మొదట చూడాల్సింది బ్యారెల్ కాదు, ఆ తేదీ.

దేశీ గన్‌ల మీద కూడా వాదన ఉంది. మన దేశంలో తయారయ్యే పీసీపీ రైఫిళ్లు విదేశీ వాటి కన్నా బాగా చవక. మొదటి రెండేళ్లకు ఇవి చాలంటారు కొందరు. తర్వాత అమ్మితే రేటు రాదు, ఒకేసారి మంచిది కొనేస్తే మేలంటారు ఇంకొందరు. మధ్యేమార్గం మాత్రం అందరూ ఒప్పుకునేదే. మొదటి ఆరు నెలలు అకాడమీ గన్‌తోనే కాల్చండి. చాలా అకాడమీల్లో నేర్చుకునేవాళ్ల కోసం గన్‌లు ఉంటాయి. ఈలోగా ఇష్టం నిలబడుతుందో లేదో తెలిసిపోతుంది. ఏ సైజు గ్రిప్ కావాలో కూడా తేలిపోతుంది.

గన్ మొరాయిస్తే?

గన్ కన్నా మనిషే ముఖ్యం అన్నాం కదా.. మరి గన్ చెడిపోతే? దానికి మన కళ్ల ముందే ఉదాహరణ ఉంది. టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ క్వాలిఫికేషన్ మధ్యలో ఉండగా పిస్టల్‌లో లోపం వచ్చింది. దాన్ని సరిచేయించుకుని వచ్చేసరికి విలువైన నిమిషాలు పోయాయి. మిగిలిన షాట్లు హడావుడిగా కాల్చాల్సి వచ్చింది. స్కోర్ 575, స్థానం 12. ఫైనల్ రెండు పాయింట్ల దూరంలో చేజారింది. మూడేళ్ల తర్వాత పారిస్‌లో 580 కొట్టి, ఫైనల్లో మెడల్ అందుకుంది.

అందుకే పెద్ద మ్యాచ్‌లకు వెళ్లేవాళ్లు రెండో పిస్టల్ సిద్ధంగా ఉంచుకుంటారు. ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ మంచిదా, మెకానికల్ మంచిదా అన్న వాదన కూడా ఇప్పటికీ నడుస్తూనే ఉంది. ఎలక్ట్రానిక్ అయితే ప్రతిసారీ ఒకేలా, మెత్తగా పేలుతుంది. కానీ అందులో బ్యాటరీ, సర్క్యూట్ ఉంటాయి. మెకానికల్‌ను రేంజ్‌లోనే చిన్న స్క్రూడ్రైవర్‌తో సరిచేసుకోవచ్చు. కొత్తవాళ్లకు మెకానికల్ చాలన్నదే ఎక్కువ మంది మాట.

2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా కథ ఇంకోటి. ఫైనల్‌కు ముందు ట్రయల్ షాట్ వేస్తే ఎక్కడో దూరంగా పడింది. సైట్ కదిలిపోయింది. బింద్రా కంగారు పడలేదు. ఉన్న కాసేపట్లోనే సైట్ సరిచేసుకున్నాడు. చివరి షాట్ 10.8. మన దేశానికి తొలి వ్యక్తిగత ఒలింపిక్ గోల్డ్ వచ్చేసింది. తన రైఫిల్‌లో ఏ స్క్రూ తిప్పితే ఏం జరుగుతుందో తెలిసినవాడికే అది సాధ్యం. అంటే గన్‌ను కొనడం కాదు.. తెలుసుకోవడం ముఖ్యం.

పెల్లెట్‌లోనూ కిటుకు ఉంది

పెల్లెట్లన్నీ ఒకటేలే అనుకుంటే పొరపాటే. మ్యాచ్ పెల్లెట్ ముందు భాగం బల్లపరుపుగా ఉంటుంది. పేపర్‌కు పంచింగ్ మెషీన్‌తో కొట్టినట్టు గుండ్రటి రంధ్రం పడాలనే ఆ షేప్. స్కోర్ లెక్కపెట్టడం తేలిక. కొనల్లా ఉండే పెల్లెట్లు చూడ్డానికి బాగుంటాయి కానీ ఈ ఆటకు కాదు. అదే కంపెనీ పెల్లెట్లలోనూ 4.49, 4.50 అంటూ సైజులో వెంట్రుకవాసి తేడాలుంటాయి. ఏ బ్యారెల్‌కు ఏది నప్పుతుందో కాల్చి చూస్తేనే తెలుస్తుంది. రైఫిల్‌లో ఈ తేడా స్కోర్‌లో కనిపిస్తుంది. పిస్టల్ నేర్చుకునేవాళ్లు మాత్రం దీని గురించి ఇప్పుడే బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు.

అసలు పెల్లెట్ లేకుండా చేసే ప్రాక్టీసే ఎక్కువ కావాలంటారు సీనియర్లు. దాన్నే డ్రై ఫైర్ అంటారు. ఖాళీ గన్‌తో గురి పెట్టి ట్రిగ్గర్ నొక్కడం. నొక్కిన క్షణంలో సైట్ కదిలిందా లేదా అన్నది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. మ్యాచ్ గన్‌లలో దీనికి ప్రత్యేకంగా సెట్టింగ్ ఉంటుంది. స్ప్రింగ్ గన్‌తో మాత్రం ఈ పని చేయకూడదు. పెల్లెట్ లేకుండా పేలిస్తే లోపలి పిస్టన్ దెబ్బతింటుంది.

లైసెన్స్ కావాలా?

చాలామందికి ఉన్న డౌట్ ఇదే. బోర్ 4.5 మిల్లీమీటర్లు అంటే 0.177 అంగుళానికి మించకుండా, శక్తి 20 జౌల్స్ దాటకుండా ఉన్న ఎయిర్ గన్‌కు ఆర్మ్స్ లైసెన్స్ అక్కర్లేదు. 10 మీటర్ల మ్యాచ్ గన్‌లన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. కొనేటప్పుడు గుర్తింపు కార్డు కాపీ ఇచ్చి, బిల్లు తీసుకుని దాచుకోండి. ప్రయాణాల్లో అడిగితే చూపించాలి.

25 మీటర్ల పిస్టల్, 50 మీటర్ల రైఫిల్ మాత్రం వేరే సంగతి. పారిస్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం గెలిచింది 50 మీటర్ల రైఫిల్‌లోనే. అవి 0.22 బుల్లెట్ పేల్చే నిజమైన తుపాకులు. వాటికి లైసెన్స్ తప్పనిసరి. అందుకే ఎవరైనా మొదట 10 మీటర్లలో నిలదొక్కుకుని, జిల్లా, రాష్ట్ర స్థాయి దాటాకే అటు వెళ్తారు.

లైసెన్స్ అక్కర్లేదంటే బొమ్మ తుపాకీ అని అర్థం కాదు. దగ్గర నుంచి తగిలితే ఎయిర్ గన్ పెల్లెట్ కన్ను పోగొడుతుంది, ప్రాణం కూడా తీయగలదు. మేడ మీద నుంచి పిట్టలను కొట్టడం సరదా కాదు, వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఇక పెళ్లిళ్లు, ఊరేగింపుల్లో లైసెన్స్ తుపాకీతో గాల్లోకి కాల్చినా, దాని వల్ల ఇతరుల ప్రాణాలకు ముప్పు వచ్చేలా ఉంటే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు.

రేంజ్‌లో పాటించే రూల్స్‌నే ఇంట్లోనూ పాటించాలి. గన్ మూతి ఎప్పుడూ మనిషి వైపు తిరగకూడదు. కాల్చే దాకా వేలు ట్రిగ్గర్ మీదకు పోకూడదు. గన్ పక్కన పెట్టేటప్పుడు బ్యారెల్‌లో రంగు తీగ, అంటే సేఫ్టీ ఫ్లాగ్ ఉండాలి. అది బయటికి కనిపిస్తుంటే లోపల పెల్లెట్ లేదని అందరికీ తెలుస్తుంది. ఇంట్లో గన్ ఒకచోట, పెల్లెట్లు ఇంకోచోట తాళం వేసి పెట్టాలి. ఇంకో సంగతి.. పెల్లెట్లు సీసంతో చేసినవి. ప్రాక్టీస్ అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా పిల్లలను తిండి ముట్టుకోనివ్వొద్దు.

కొనే ముందు ఒక్కసారి ఇవి చూసుకోండి

1. పిల్లలు కనీసం ఆరు నెలలు అకాడమీ గన్‌తో కాల్చారా? ఇంకా రేంజ్‌కు తమంతట తామే బయల్దేరుతున్నారా?

2. రైఫిల్, పిస్టల్ రెండూ పట్టి చూశారా? ఏది పట్టుకున్నప్పుడు టైమ్ తెలియట్లేదు?

3. గ్రిప్ సైజు, చెంప, భుజం దగ్గర సర్దుబాటు కోచ్ ముందు చూసుకున్నారా?

4. సెకండ్ హ్యాండ్ అయితే సిలిండర్ తేదీ చూశారా?

5. గన్ ధర ఒక్కటే కాదు.. పెల్లెట్లు, రేంజ్ ఫీజు, కోచింగ్, రైఫిల్ అయితే జాకెట్, మ్యాచ్‌ల ప్రయాణాలు.. ఏడాదికి ఎంతవుతుందో లెక్క వేశారా?

6. దగ్గర్లో రేంజ్ ఉందా? వారానికి మూడు రోజులైనా వెళ్లగలరా? ఇంట్లో పెట్టెలో ఉండే గన్‌తో మెడల్ రాదు.

ఈ ఆరింటికీ సమాధానం దొరికితే, ఏ బ్రాండ్ కొన్నా పెద్దగా నష్టపోయేదేమీ ఉండదు. దొరక్కపోతే మాత్రం కొన్నాళ్లు ఆగడమే మేలు. రైఫిల్ టార్గెట్ మధ్యలో ఉన్న ఆ అర మిల్లీమీటర్ చుక్కకు ఎవరి దగ్గర ఎంత ఖరీదైన గన్ ఉందో తెలియదు. ట్రిగ్గర్ నొక్కేటప్పుడు వేలు ఎలా కదిలిందో మాత్రం దానికి కచ్చితంగా తెలిసిపోతుంది.